కదపకూడని తొట్టి

“అత్తా, మళ్ళీ వచ్చింది,” అంది మేనకోడలు, గాజుగొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని.

ఏమిటొచ్చిందని పాకమ్మ అడగలేదు. అడక్కుండానే కనబడుతోంది. సరుకు కరిగించిన, తేటగా ఉండాల్సిన నీళ్ళలో సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు పడీ పడగానే పాలు ఒలికినట్టు తెల్లటి మబ్బు కమ్మింది. మబ్బు కమ్మిందంటే సురేకారంలో ఉప్పు ఉన్నట్టు. ఉప్పు ఉందంటే సరుకు పనికిరానట్టు. ఈ నెలలో ఇది మూడోసారి.

“గొట్టం సరిగ్గా కడగలేదు నువ్వు.”

“మూడుసార్లు కడిగాను.”

“అయితే కడిగిన నీళ్ళల్లోనే ఉండి ఉంటుంది ఉప్పు.”

“ఉత్త నీళ్ళల్లో చుక్క వేసి చూపించనా?”

అడగడమే కాదు, వేసి చూపించింది కూడా. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పాకమ్మకు ఒళ్ళు మండిపోయింది. గొట్టం మీద కాదు, నీళ్ళ మీదా కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టున్న తన మాటలు తనకే వినబడుతున్నాయి, అందుకు.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయి చాలా కాలమైంది. కాగు మీదకు వంగి, గరిటెతో ఒక బొట్టు తీసి రేకు మీద వేసి, అది గడ్డకట్టే తీరు చూసి “ఇక చాలు, వడకట్టండి” అని చెప్పే మనిషి కాబట్టి పాకమ్మ అయింది. ఆమె చాలన్నాక ఇంకో నిమిషం మరిగించాలనే ధైర్యం ఆ షెడ్డులో ఎవరికీ లేదు.

వాళ్ళు చేసే పని నిజానికి ఒక కుండమార్పిడి పెళ్ళి. ఒక ఇంటివాళ్ళు పొటాష్, రెండో ఇంటివాళ్ళు సోడా నైట్రేటు. ఇద్దరినీ కాగులో వేసి నీళ్ళు పోసి సలసలా కాగిస్తే జంటలు మారిపోతాయి. ఒక జంట సురేకారం, అంటే పొటాష్ నైట్రేటు, రెండో జంట మనం కూరలో వేసుకునే మామూలు ఉప్పు. మార్చుకోవడంలో గొప్పేమీ లేదు. విడదీసి కాపురం పెట్టించడంలోనే ఉంది తంటా అంతా. ఉప్పుకు వేడైనా చలైనా ఒకటే. మరిగే నీళ్ళలో ఎంత కరుగుతుందో చన్నీళ్ళలోనూ ఇంచుమించు అంతే కరుగుతుంది. సురేకారం అలా కాదు. వేడి నీళ్ళలో ఎంత పోసినా ఇముడుతుంది, నీళ్ళు చల్లబడితే చాలు గడ్డకట్టి బయటపడుతుంది. అందుకని బాగా మరిగించి నీళ్ళు ఇగిరిస్తే ముందు ఉప్పు అడుగుకు చేరుతుంది. వేడి మీదే వడకట్టి దాన్ని అవతల పెట్టి, తేటను తొట్టిలోకి వదిలి చల్లారబెడితే సురేకారం పలుకులు కడుతుంది. వడపోతకు దొరక్కుండా తప్పించుకున్న ఉప్పు తేటలోనే ఉండిపోతుంది. చెప్పడానికి నాలుగు ముక్కలే. చేతికి రావడానికి పాకమ్మకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఆ ముప్ఫై ఏళ్ళలో ఇవాళ పొద్దున తొట్టిలోంచి తీసినంత అందమైన సరుకు ఆమె ఎన్నడూ తీయలేదు. వేలెడు పొడుగు పలుకులు, అద్దంలా మెరిసే పక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. చూసినవాళ్ళెవరైనా ఒకటి జేబులో వేసుకుపోవాలనుకుంటారు. అలాంటి సరుకును పట్టుకుని పనికిరాదంటోంది నిన్న గాక మొన్న చదువు ముగించుకొచ్చిన పిల్ల.

అంతలో తమ్ముడు, ఆ పిల్ల తండ్రి, వచ్చాడు. కాగితాల మీద కార్ఖానా అతనిది. కాగులూ తొట్లూ అక్కవి. ఈ ఏర్పాటు గురించి వాళ్ళు ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అందుకే ఇన్నాళ్ళూ గొడవ లేకుండా నడిచింది. అతను చేతిలో పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. అందులో ఆకులున్నాయి. అంచులన్నీ మాడిపోయి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి.

“నర్సరీ ఆయన పంపించాడు. మన సురేకారం నీళ్ళల్లో కలిపి పోశాడట. ఉప్పు పడని మొక్కలవి. రెండు వరసలు పోయాయి,” అన్నాడు. “సాయంత్రం నాలుగింటికి ఆయనే వస్తున్నాడు. ఈసారి ఆయనే గుప్పెడు తీసుకుంటాడట, ఆయన ఎదురుగానే చుక్క వెయ్యాలట.”

“వస్తే రానీ.”

“అక్కా, కోపం తెచ్చుకోకుండా విను. పాతవాళ్ళంతా పోయారు. ఇప్పుడు మన దగ్గర కొనేది నర్సరీలవాళ్ళే. ఈ ఒక్కాయన కాదంటే మిగతావాళ్ళూ కాదంటారు. ఇవాళ కూడా మబ్బొచ్చిందంటే ఇక నావల్ల కాదు. సోమవారం మనిషిని పిలిపించి తొట్లు పాతసామాను కింద కోయించేస్తాను. తయారైన సరుకు బయటినుంచి తెప్పించుకుని సంచుల్లో నింపి అమ్ముకుందాం.”

“అప్పుడు నేనేం చెయ్యాలి? సంచుల మూతులు కుట్టాలా?”

తమ్ముడు నేల చూశాడు. కుట్టాలనే అతని ఉద్దేశమని అర్థమైపోయింది. పొట్లం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తొట్లు పోతే తనకు మిగిలేదేమిటో పాకమ్మ ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఏమీ తట్టలేదు.

గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఆమె కొంగు బిగించింది. వడపోత గుడ్డలు చూసుకునే మనిషిని, గుడ్డలాయన అంటారు అతన్ని, పిలిచి మంచుగడ్డ తెప్పించింది. మంచునీళ్ళతో పలుకుల్ని కడిగించింది. చుక్క వేస్తే మబ్బు. మళ్ళీ కడిగించింది. మబ్బు. మూడోసారి కడిగేటప్పటికి బుట్టలో సరుకు కంటికి తెలిసేంత తగ్గింది, మబ్బు మాత్రం తగ్గలేదు.

“అమ్మా, ఇంకోసారి కడిగితే బుట్ట ఒక్కటే మిగులుతుంది,” అన్నాడు గుడ్డలాయన.

“నీ గుడ్డలే చిరిగి ఉంటాయి. ఉప్పంతా అందులోంచే కారి ఉంటుంది.”

గుడ్డలాయన గుడ్డలన్నీ తెచ్చి ఒక్కొక్కటీ కిటికీకి అడ్డంగా పట్టి చూపించాడు. ఒక్క చిల్లు లేదు. పొద్దుటినుంచి అందరూ ఆమెకు ఏదో ఒకటి వెలుగులో పట్టి చూపించేవాళ్ళే.

మేనకోడలు ఊరికే ఉండలేదు. అన్నిటికంటే పొడుగైన పలుకునొకదాన్ని ఎంచి, పొడి బట్టతో శుభ్రంగా తుడిచి, కాగు మూత మీద పెట్టింది. మూత చుర్రుమనేలా ఉంది. కాసేపటికి పలుకు టప్పుమని పగిలింది. పగిలిన చోట చిన్న నీటిబొట్టు బుసబుసలాడి తెల్లటి మరక మిగిల్చింది. ఇంకోటి పెట్టింది. అదీ టప్పుమంది.

“అత్తా, నాలిక నీదే కదా, నువ్వే చూడు,” అంటూ మూడో పలుకును విరిచి అందించింది.

పాకమ్మ పైవైపు నాలికకు తాకించింది. చల్లగా, కొంచెం చేదుగా, సురేకారంలా ఉంది. విరిగిన వైపు తాకించింది. ఉప్పు. ఏ సందేహమూ లేని అచ్చమైన ఉప్పు. ఆమె మొహం మాడ్చుకుంది.

“పలుకు పెద్దదవుతూ ఉప్పు నీళ్ళని కడుపులో పెట్టుకుని మూసేసుకుంటోంది. పైన ఎన్నిసార్లు కడిగినా లోపలికి నీళ్ళెలా వెళ్తాయి?” అంది పిల్ల. “చల్లారేటప్పుడు తెడ్డు పెట్టి కలుపుతూ ఉంటే పిండిలాగా చిన్న చిన్న పలుకులొస్తాయి. వాటికి కడుపే ఉండదు. ఒక్క కడుగుతో శుభ్రం.”

“ఏం పెట్టి?”

“తెడ్డు.”

“చల్లారే తొట్టిలో?”

ఆ షెడ్డులో తొట్టి చల్లారుతుంటే ఎవరూ దాని దరిదాపులకు పోరు. తలుపు మూస్తారు. చెప్పులు విడిచి నడుస్తారు. తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తి తుమ్ముతారు. ఒకప్పుడు గుడ్డలాయన చేతిలోంచి తలుపు జారి ధనామని పడి, ఆ రోజు పలుకులు పొట్టివొచ్చాయని పాకమ్మ వారం రోజులు అతనితో మాట్లాడలేదు. కదిపితే తొట్టి పాడైపోతుంది. ఇది నాన్న చెప్పిన మాట. పొటాష్ ముందు వెయ్యాలా, నైట్రేటు ముందు వెయ్యాలా అన్నది తర్వాత. ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలిసిన మొట్టమొదటి పని సూత్రం ఇదే.

“పుస్తకంలో రాసినవాడు ఏనాడైనా కాగు ముందు నిలబడ్డాడా? మా నాన్న నిలబడ్డాడు. ఆయన కదపొద్దన్నాడు, నేను కదపను. తొట్లు కోస్తే కోసుకోమను.”

“నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!” అని పిల్ల గాజుగొట్టాన్ని టక్కున బల్ల మీద పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరగడం పాకమ్మ చూసింది. చూసి కూడా పలకరించలేదు. తనకూ ఏడుపొస్తోంది, ఇద్దరూ ఏడిస్తే షెడ్డు నడిచేదెలా?

పాకమ్మ తండ్రి, అందరూ పెద్దాయన అంటారు, రోజూ పన్నెండింటికి వస్తాడు. ఎనభై రెండేళ్ళు. భుజం ఒకటి పైకి లేవదు. షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీలో గంటసేపు కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పలకరించి వెళ్తాడు. కాగుల విషయంలో నోరు విప్పడు. కూతురికి అప్పగించాక అడుగుపెట్టి తప్పులెంచడం పద్ధతి కాదని ఆయన అభిప్రాయం. ఇవాళ ఆయన కూర్చోకముందే పాకమ్మ ఎదురెళ్ళింది.

“చూశావా నాన్నా నీ మనవరాలి తెలివి? చల్లారే తొట్టిలో తెడ్డు పెట్టి కలపమంటోంది!”

పెద్దాయన కుర్చీలో కుదురుకున్నాడు. “కలపమంటే?” అన్నాడు. “నువ్వు కలపవా ఏంటి?”

కిటికీ దగ్గరున్న పిల్ల గిర్రున ఇటు తిరిగింది.

“నువ్వే కదా కదపొద్దన్నావు!”

“నేనా? ఎప్పుడు?”

“నా చిన్నప్పుడు. ఇక్కడే, ఈ గుమ్మంలోనే. తొట్టి చల్లారేటప్పుడు దగ్గరికి రాకూడదు, ముట్టుకోకూడదు, అరవకూడదు, పలుకు భయపడి పాడైపోతుంది అన్నావు. తలుపేసుకునేవాడివి.”

పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు. గుర్తు తెచ్చుకోవడానికి చాలా సేపే పట్టింది. గుర్తొచ్చాక నవ్వాడు.

“అదా! నీకప్పుడు ఆరో ఏడో ఏళ్ళు. తొట్టి నిండా సలసలా కాగే తేట. నువ్వేమో నా కాళ్ళకడ్డం పడి తిరుగుతుండేదానివి. కాలుతుందంటే వినే పిల్లవి కాదు, ఒకసారి వేలు పెట్టి చూశావు కూడా. పాడైపోతుందంటే మాత్రం విన్నావు. తలుపేసుకుని నేను తెడ్డేసి కలుపుకునేవాణ్ణి. ఈ భుజం ఊరికే పోయిందనుకున్నావా?”

పాకమ్మ ఆ తలుపు వైపు చూసింది. తలుపవతల తాను మునివేళ్ళ మీద నిలబడి ఊపిరి బిగబట్టుకుని ఉన్నప్పుడు, తలుపివతల ఈయన తెడ్డేసి కలుపుతున్నాడన్నమాట.

“మరి నేను తొట్లు పట్టుకున్నాక ఎందుకు చెప్పలేదు? ముప్ఫై ఏళ్ళు నాన్నా! ముప్ఫై ఏళ్ళు చూస్తూ కూర్చున్నావు!”

“నాకు భుజం పోయి ఆరు నెలలు మంచం పట్టాను కదా. లేచి వచ్చేటప్పటికి నువ్వు వేలెడు పలుకులు తీస్తున్నావు. నా జన్మలో నేనంత పలుకు తీయలేదు. నాదంతా పిండే. కొనేవాళ్ళు నీ సరుకు చూసి మురిసిపోతుంటే...” పెద్దాయన ఆగాడు. “నీకు నాకంటే బాగా పట్టుబడిందనుకున్నానమ్మా. నాకు తెలియని కిటుకేదో కనిపెట్టావనుకున్నాను. ఎలా తీస్తున్నావని అడగడానికి నామోషీ వేసింది.”

కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఎవరి మీద చూపించాలో తెలియక ఆమె నోట్లోనే ఉండిపోయింది. పిల్లను కాపాడుకోవడానికి ఒక అబద్ధం చెప్పిన తండ్రి మీదా? దాన్ని వేదంలా పట్టుకున్న తన మీదా? నామోషీ పడి ఒకరూ, గౌరవం కొద్దీ ఒకరూ నోరు మూసుకుని ముప్ఫై ఏళ్ళు గడిపేశారు. పాత కొనుగోలుదారులు పలుకు పొడుగు చూశారే గానీ పగలగొట్టి రుచి చూడలేదు, అందుకే తండ్రీకూతుళ్ళ తప్పు ఇన్నాళ్ళూ బయటపడలేదు.

పన్నెండున్నర. పాకమ్మ పార అందుకుంది.

పొద్దున తీసిన పలుకులన్నీ బుట్టలో ఉన్నాయి. ఒక్క క్షణం చూసింది. అంతే. పారతో ఎత్తి చిన్న కాగులోకి వేసింది. అద్దంలాంటి పలుకులు కాగు అడుగున గాజు పగిలినట్టు మోగాయి. “అయ్యో!” అన్నాడు గుడ్డలాయన. ఆమె పట్టించుకోలేదు. వాటిని కరిగించడానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్నే పోసింది, ఒక్క చెంబు ఎక్కువ పోయలేదు. ఎక్కువైతే సరుకంతా నీళ్ళలోనే ఉండిపోతుంది. కరిగి మరిగాక వేడి మీదే వడకట్టించి చిన్న తొట్టిలోకి వదిలింది. తొట్టి చుట్టూ బయటి గాడిలో చన్నీళ్ళు పారించింది. తెడ్డు కోసం వెతికితే షెడ్డులో ఎక్కడా లేదు. ఉండదు మరి, ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ అవసరం పడలేదు. చివరికి గుడ్డలాయన పెద్ద కాగు అడుగున ఉప్పు లాగే పొడుగాటి చెక్క తెచ్చి, నాలుగు నీళ్ళు కడిగి ఇచ్చాడు.

ఆమె చెక్కను తొట్టిలోకి దించబోయి ఆగింది. చెయ్యి ముందుకు పోలేదు. ఎదురుగా కుర్చీ జరిపించుకుని కూర్చున్న పెద్దాయన, “ఊఁ, కానీ,” అన్నాడు. అప్పుడు దించింది.

మొదటి అరగంట ఏమీ లేదు. ఉత్త నీళ్ళు తిప్పినట్టుంది. తర్వాత తేటలో ఒక మెరుపు మెరిసింది, ఇంకోటి, ఆ తర్వాత లెక్కలేనన్ని. తొట్టి అంతా ఒక్కసారి మసకబారింది. చెక్కకు బరువు తగిలింది. అలవాటు లేని పని, భుజాలు పీకుతున్నాయి. పిల్ల వచ్చి చెక్క అందుకుంది. అత్త ఇచ్చింది. ఇద్దరూ మార్చి మార్చి తిప్పారు. పెద్దాయన కూర్చున్న చోటినుంచే ఎగిరెగిరి పడుతున్నాడు. “అంచులు గీకు! అంచుకు పేరుకున్నది పెద్దదవుతుంది! అడుగునుంచి లేపు!” ముప్ఫై ఏళ్ళ మౌనానికి వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాడు. ప్రతి మాటకూ పాకమ్మకు చిర్రెత్తుకొస్తోంది. ప్రతి మాటా నిజమే కావడం ఇంకా చిరాగ్గా ఉంది.

మూడున్నరకు వడకట్టారు. గుడ్డ మీద మిగిలింది తెల్లటి పిండి. మెరుపు లేదు, పొడుగు లేదు, ఎవరూ జేబులో వేసుకోవాలనుకోరు. మంచునీళ్ళు ఒకే ఒక్కసారి పైనుంచి చల్లి, గట్టిగా పిండి, బుట్టలో పరిచారు.

నర్సరీ ఆయన నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. బుట్టలోకి చూసి మొహం చిట్లించాడు. “ఎప్పుడూ ఇచ్చే సరుకు కాదే ఇది?” అన్నాడు. అడుగునుంచి గుప్పెడు తీసి, తనతో తెచ్చుకున్న నీళ్ళలో తనే కరిగించాడు. పిల్ల చుక్క వేసింది. రెండు. మూడు. ఆయన గొట్టాన్ని నల్ల గుడ్డ ముందు పట్టుకుని చూశాడు, ఊపి చూశాడు. పాకమ్మ ఊపిరి బిగబట్టింది.

నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

“ఇది పంపించండి,” అన్నాడాయన. “ఆ పెద్ద పలుకులు మాత్రం ఇక నాకొద్దు.” అని తమ్ముడితో మాట్లాడుతూ బయటికి నడిచాడు.

తమ్ముడు ఆయన్ని సాగనంపి పరుగున వెనక్కొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. “సోమవారం ఎవరూ రారక్కా, తొట్లు ఎక్కడివక్కడే ఉంటాయి! ఈ మాత్రం దానికి నెల రోజులు చంపావు కదా! ముందే కలిపేసి ఉంటే పోయేది!”

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. కావాలని అనలేదు వాడు, అందుకే ఇంకా మండింది.

పిల్ల గొట్టాలు కడుక్కుంటోంది. గుడ్డలాయన గుడ్డలు ఆరేస్తున్నాడు. పెద్దాయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, ఇంటికి వెళ్ళే వేళ ఎప్పుడో దాటిపోయింది. పాకమ్మ వెళ్ళి ఆయన ముందు నేల మీద చతికిలబడింది.

“నాన్నా, ఒకటడుగుతాను. ఇత్తడి గరిటె తప్ప ఇంకోటి వాడకూడదన్నావు. తడి తలతో కాగు దగ్గరికి రాకూడదన్నావు. వడకట్టేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదన్నావు. తేట వదిలేముందు రెండు చెంబుల నీళ్ళు కలపమన్నావు. అన్నీ ఇవాళ్టిదాకా తప్పకుండా చేస్తూనే ఉన్నాను. ఒక్కొక్కటే చెప్పు. వీటిలో ఏది పని కోసం చెప్పావు, ఏది నా కోసం చెప్పావు?”

పెద్దాయన నవ్వలేదు. కూతురి మొహంలోకి చూశాడు, కాగుల వైపు చూశాడు, వేళ్ళు మడిచి ఏదో లెక్క పెట్టబోయి మధ్యలో ఆపేశాడు.

“గుర్తు లేదమ్మా,” అన్నాడు.